ఊపిరి లెక్కలో కిడ్నీ వాటా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆయాసపడే మనుషులు మూడు రకాలుగా కనిపిస్తారు. మొదటి మనిషి కొబ్బరి చెట్టెక్కి కాయలు దించి అప్పుడే నేల మీద కాలు పెట్టాడు. గట్టిగా రొప్పుతాడు, తువ్వాలుతో చెమట తుడుచుకుంటాడు, కాసేపు నీడన కూర్చుంటే సర్దుకుంటాడు. రెండో మనిషి పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చే పొగ పక్కన ఏళ్ళ తరబడి పనిచేసిన ఆవిడ. ఆవిడకు దగ్గు వస్తుంది, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి, పొగమంచు రోజుల్లో ఊపిరి బిగబడుతుంది. మూడో మనిషి ఏ చెట్టూ ఎక్కలేదు, బీడీ ముట్టలేదు. ఇంట్లో కూర్చున్నంతసేపూ బాగానే ఉంటాడు. వీధి చివరిదాకా నడిస్తే మాత్రం ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఒగరుస్తాడు. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపిస్తాయి. వేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలిస్తే 98 చూపిస్తుంది.

మొదటి ఇద్దరి ఆయాసం ఎందుకో చెప్పడం తేలిక. మూడో మనిషి ఆయాసాన్ని అర్థం చేసుకోవాలంటే ముక్కు దగ్గర బయలుదేరిన ఆక్సిజన్ వెంట చివరిదాకా నడవాలి. ఆ దారి ఊపిరితిత్తుల్లో ముగియదు. నెత్తురులోకి, కండరంలోకి, అక్కడి నుంచి నడుముకు రెండు పక్కలా ఉన్న కిడ్నీల్లోకి వెళుతుంది.

రోజుకు పదివేల లీటర్లు

ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పన్నెండు నుంచి పదహారు సార్లు ఊపిరి తీస్తాడు. పదిహేను అనుకుంటే రోజుకు 21,600 శ్వాసలు. మన యోగ గ్రంథాలు అజపా జపానికి వేసిన లెక్క కూడా ఇదే. ఒక్కో శ్వాసకు అర లీటరు చొప్పున రోజుకు 10,800 లీటర్ల గాలి లోపలికి వెళ్ళి వస్తుంది.

ఈ గాలిని లోపలికి నెట్టే పంపు ఏదీ లేదు. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉన్న ఉదర వితానం కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి, ఛాతీ విశాలమవుతుంది. లోపలి పీడనం బయటి పీడనం కన్నా పాదరసమట్టంలో ఒక్క మిల్లీమీటరు తగ్గితే చాలు, గాలి తనంతట తానే లోపలికి వస్తుంది. ఉదర వితానం సడలగానే సాగిన ఊపిరితిత్తులు మళ్ళీ ముడుచుకుని గాలిని బయటికి పంపుతాయి.

లోపలికి వచ్చిన అర లీటరులో అంతా పనికి రాదు. సుమారు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే నిలిచిపోయి, నెత్తురును కలవకుండానే వెనక్కి పోతుంది. అంటే ఒక్కో శ్వాసలో అక్కరకొచ్చేది 350 మిల్లీలీటర్లే. నిమిషానికి పదిహేను చొప్పున ఐదుంపావు లీటర్లు. అదే మనిషి భయంతోనో నొప్పితోనో పావు లీటరు చొప్పున నిమిషానికి ముప్ఫై సార్లు పైపైన పీల్చాడనుకుందాం. మొత్తం గాలి ముందులాగే ఏడున్నర లీటర్లు. కానీ ప్రతి శ్వాసలోనూ 150 వృథా కాబట్టి లోపలిదాకా చేరేది మూడు లీటర్లే. ఎన్నిసార్లు పీల్చాడన్న దానికన్నా ఎంత లోతుగా పీల్చాడన్నది ముఖ్యం. ఈ చిన్న లెక్క మున్ముందు మళ్ళీ అక్కరకొస్తుంది.

అర మైక్రాన్ గోడ

శ్వాసనాళం రెండుగా, ఒక్కొక్కటీ మళ్ళీ రెండుగా, ఇలా ఇరవైకి పైగా సార్లు చీలి చివరికి వాయుగోణుల దగ్గర ఆగుతుంది. మనిషికి సగటున 48 కోట్ల వాయుగోణులు ఉంటాయని 2004లో సూక్ష్మదర్శిని కింద లెక్కించారు. ఒక్కొక్కటీ మిల్లీమీటరులో ఐదో వంతు. అన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. ప్రతి వాయుగోణి చుట్టూ రక్తకేశనాళికలు అల్లుకుని ఉంటాయి. గాలికీ నెత్తురుకూ మధ్య ఉన్న గోడ మందం అర మైక్రాన్, అంటే మిల్లీమీటరులో రెండువేలో వంతు.

ఆ గోడను ఆక్సిజన్ ఎలా దాటుతుందన్న దాని మీద నూరేళ్ళ కిందట గట్టి వాదమే నడిచింది. డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్, ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను గ్రంథిలాగా పనిగట్టుకుని నెత్తురులోకి స్రవిస్తాయని నమ్మాడు. ఆయన శిష్యుడు ఆగస్ట్ క్రోగ్, భార్య మేరీ క్రోగ్‌తో కలిసి 1910లో వరుసగా ప్రయోగాలు ప్రచురించి, అలాంటి స్రావమేమీ లేదని తేల్చాడు. ఎక్కువ పీడనం ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి వాయువు దానంతట అదే వ్యాపిస్తుంది. అంతే.

ఆ పీడనాలు చూద్దాం. బారువ తీరంలో గాలి పీడనం 760 మిల్లీమీటర్లు, అందులో ఆక్సిజన్ వాటా 21 శాతం, అంటే 160. గొంతులోకి వచ్చేసరికి గాలి తడిసి, వేడెక్కి ఆ వాటా 150 అవుతుంది. వాయుగోణిలో అప్పటికే ఉన్న బొగ్గుపులుసు వాయువుతో కలిశాక సుమారు 100. శరీరమంతా తిరిగి వచ్చిన నెత్తురులో 40. ఈ అరవై తేడాయే ఆక్సిజన్‌ను నెత్తురులోకి నడిపిస్తుంది. ఎర్ర రక్తకణం వాయుగోణి పక్కన ఉండేది సెకనులో ముప్పావు వంతు. అందులో మూడో వంతు సమయం గడిచేసరికే ఆక్సిజన్ నిండిపోతుంది. మిగతాది పరుగెత్తేటప్పుడు వాడుకునే నిల్వ సమయం.

బొగ్గుపులుసు వాయువు ఎదురు దారిలో వస్తుంది. నెత్తురులో 46, వాయుగోణిలో 40, తేడా ఆరే. అది చాలు, ఎందుకంటే ఆ వాయువు ఆక్సిజన్ కన్నా ఇరవై రెట్లు సులువుగా పొరలు దాటుతుంది.

మందస వైపు నుంచి చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది. ఎత్తు 1,501 మీటర్లు. ఆ శిఖరం మీద కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, కానీ మొత్తం పీడనం సుమారు ఆరో వంతు తగ్గుతుంది. అయినా కొండెక్కిన మనిషి నెత్తురులో ఆక్సిజన్ పెద్దగా తగ్గదు. ఆ ఏర్పాటు హీమోగ్లోబిన్‌ది.

98 దేనికి మార్కు?

ఆక్సిజన్ నీటిలో సరిగా కరగదు. నూరు మిల్లీలీటర్ల నెత్తురులో ఊరికే కరిగి ఉండే ఆక్సిజన్ మిల్లీలీటరులో మూడో వంతు కన్నా తక్కువ. దాని మీదే ఆధారపడితే మనిషి బతకడు. మిగతాదంతా మోసేది హీమోగ్లోబిన్. ఒక్కో అణువులో నాలుగు ఇనుము పరమాణువులు, ఒక్కొక్క దానికి ఒక్కో ఆక్సిజన్ అణువు. ఒక గ్రాము హీమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఒకటి అంటుకుంటే తర్వాతిది ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. అందుకే పీడనం 100 నుంచి 75కు పడినా హీమోగ్లోబిన్ 95 శాతం దాకా నిండే ఉంటుంది. నలభై దగ్గరికి వచ్చేసరికి మాత్రం 75 శాతానికి జారి, చేతిలో ఉన్నదాంట్లో పావు వంతు కండరాలకు వదిలేస్తుంది. పనిచేస్తున్న కండరం వేడిగా, ఆమ్లంగా ఉంటుంది కాబట్టి అక్కడ పట్టు ఇంకా సడలిస్తుంది. ఈ సంగతిని 1904లో కనిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఇందాక వాదంలో ఓడిన బోరే.

ఇప్పుడు ఆక్సీమీటరు సంగతి. వేలి చివర నుంచి ఎర్ర కాంతినీ, కంటికి కనబడని పరారుణ కాంతినీ పంపి, ఎంత ఎర్రగా ఉన్న నెత్తురు కొట్టుకుంటోందో ఇది చూస్తుంది. ఉన్న హీమోగ్లోబిన్‌లో నూటికి ఎంత ఆక్సిజన్‌తో నిండిందో చెబుతుంది. అసలు హీమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. టెక్కలి నుంచి పలాసకు ఇరవై బస్సులు నడిచే రోజునా, పది బస్సులే నడిచే రోజునా ప్రతి బస్సులో సీట్లన్నీ నిండాయనే కండక్టరు చెబుతాడు. ఊరు చేరిన జనం మాత్రం సగమే.

అంకెల్లో పెడదాం. 15 గ్రాముల హీమోగ్లోబిన్ ఉన్న మనిషికి నూరు మిల్లీలీటర్ల నెత్తురులో 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. గుండె నిమిషానికి ఐదు లీటర్ల నెత్తురు తోస్తుంది కాబట్టి నిమిషానికి 1,000 మిల్లీలీటర్లు ఒంటికి అందుతాయి. కూర్చున్నప్పుడు ఒళ్ళు వాడుకునేది 250. ఇక మన మూడో మనిషికి హీమోగ్లోబిన్ ఏడున్నర అనుకుందాం. అందేది 500. కూర్చుంటే 250 చాలు కాబట్టి ఏ ఇబ్బందీ తెలియదు. లేచి నడిచాడంటే అవసరం మూడు రెట్లు పెరిగి 750 దాటుతుంది. ఉన్న 500తో అది తీరదు. గుండె దడదడలాడుతుంది, కండరాల్లో లాక్టిక్ ఆమ్లం ముందే పేరుకుంటుంది, ఆ ఆమ్లం మెదడును తట్టి ఊపిరిని వేగం చేయిస్తుంది. అప్పుడు కూడా ఆక్సీమీటరు 98 దగ్గరే ఉంటుంది. యంత్రం అబద్ధం చెప్పలేదు, మనమే అడగవలసిన ప్రశ్న అడగలేదు.

పొగ దగ్గర పనిచేసేవాళ్ళ విషయంలో ఈ యంత్రానికి ఇంకో లోపం కూడా ఉంది. సరిగా మండని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడు, ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఆ నెత్తురూ ఎర్రగానే ఉంటుంది. మామూలు ఆక్సీమీటరు రెండింటికీ తేడా కనిపెట్టలేదు.

కండరంలో మిగిలే క్రియాటినిన్

ఇంత కష్టపడి తెచ్చిన ఆక్సిజన్ ఎందుకు? కణంలోని మైటోకాండ్రియాలలో అన్నం నుంచి వచ్చిన శక్తిని ఏటీపీ అనే అణువుగా మార్చడానికి. ఊపిరి ఆగిన నిమిషాల్లో మనిషి పోయేది ఏటీపీ తయారీ నిలిచిపోవడం వల్లే.

ఈ కథలో ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించాడు. ఆ కొలతే ఆయనను కండరంలో దాగిన కొత్త పదార్థం దగ్గరికి నడిపింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో అదే ప్రయోగశాల ఏటీపీని వేరుచేసింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఆ ఏడాదే దాన్ని కనుగొన్నాడు. కండరం ఒక్కసారిగా బిగిసినప్పుడు ఆక్సిజన్ అందేలోపు ఏటీపీని నింపేది ఈ ఫాస్ఫోక్రియాటినే. కొబ్బరి చెట్టు మీద మొదటి పట్టు పట్టడానికి కావలసిన శక్తి అందులోంచే వస్తుంది.

కండరంలోని ఈ నిల్వలో రోజుకు సుమారు రెండు శాతం తనంతట తానే విరిగి, క్రియాటినిన్‌గా మారి నెత్తురులోకి వస్తుంది. శరీరానికి దాంతో పని లేదు, కిడ్నీలు వడగట్టి పారేస్తాయి. కిడ్నీ దెబ్బతింటే అది నెత్తురులో మిగిలిపోతుంది. పెద్దవాళ్ళకు డెసిలీటరుకు 0.7 నుంచి 1.3 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఉద్దానంలో బడి మొహం చూడని ముసలమ్మ కూడా ‘క్రియాటిన్ ఎంతొచ్చింది నాయనా?’ అని అడుగుతుంది. సుబ్బారావు కండరంలో వెలికితీసిన పదార్థం విరిగితే మిగిలే ముక్కే, ఇవాళ ఆయన సొంత రాష్ట్రపు ఉత్తరపు అంచున ఇంటింటి మాట అయింది.

కిడ్నీ దేన్ని కనిపెడుతుంది?

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ ఏడు మండలాల ఉద్దానంలో రెండు దశాబ్దాలకు పైగా కిడ్నీ జబ్బు పల్లెలను పీడిస్తోంది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 2,210 మందిని పరీక్షిస్తే నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు బయటపడింది. అందులో ఎక్కువమందికి షుగరూ లేదు, బీపీ లాంటి తెలిసిన కారణమూ లేదు. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్ళు ఆరిపోయేలా పనిచేయడం, నొప్పి మాత్రలు, వంశపు లక్షణాలు, ఇలా అనుమానితులు చాలామందే ఉన్నా దోషి ఇదీ అని ఇంకా తేలలేదు.

ఈ జబ్బు స్వభావం మాత్రం తెలుసు. ఇది కిడ్నీ వడపోత జాలి మీద కన్నా ముందు, ఆ జాలి కిందనుండే సన్నని గొట్టాల మీద, వాటి మధ్య ఉండే కణజాలం మీద దెబ్బకొడుతుంది. అందుకే మొదట్లో కాళ్ళు వాయవు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. ఏమీ తెలియనివ్వకుండా లోపల మచ్చకట్టుకుంటూ పోతుంది.

సరిగ్గా ఆ గొట్టాల మధ్యనే ఊపిరి లెక్కకు సంబంధించిన కణాలుంటాయి. నెత్తురులో ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టి, ఎరిథ్రోపాయిటిన్ అనే హార్మోనును వదిలే కణాలవి. ఆ హార్మోను ఎముకల మూలుగను చేరి ఎర్ర రక్తకణాలు చేయమంటుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు, కాబట్టి మూలుగ సెకనుకు ఇరవై లక్షలకు పైగా కొత్త కణాలు చేస్తూనే ఉండాలి. పెద్దవాళ్ళలో ఈ హార్మోనులో సుమారు తొంభై శాతం కిడ్నీ నుంచే వస్తుంది.

ఊపిరితిత్తులకు అప్పగించవలసిన ఈ కాపలా కిడ్నీకి ఎందుకు వచ్చింది? గుండె తోసే నెత్తురులో ఐదో వంతు కిడ్నీల గుండా పోతుంది. మిగతా అవయవాల్లో నెత్తురు తగ్గితే ఆక్సిజన్ కొరత వస్తుంది. కిడ్నీలో నెత్తురు తగ్గితే వడపోతా తగ్గుతుంది, దాంతో పనీ, పనికి కావలసిన ఆక్సిజనూ తగ్గుతాయి. కాబట్టి నెత్తురు ఎంత పారుతోందన్న గొడవ అంటకుండా, ఆ నెత్తురు ఎంత ఆక్సిజన్ మోస్తోందో చూడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదన్నది శరీరశాస్త్రజ్ఞుల వివరణ.

పసిగట్టే పద్ధతి కూడా ముచ్చటైనది. ఆ కణాలు హిఫ్ అనే ప్రొటీన్‌ను ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటాయి. ఆక్సిజన్ తగినంత ఉంటే ఆ ఆక్సిజనే ప్రొటీన్ మీద ఒక రసాయన గుర్తు వేయిస్తుంది, గుర్తు పడ్డదాన్ని కణం నిమిషాల్లో నాశనం చేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. ప్రొటీన్ బతికి కేంద్రకంలోకి వెళ్ళి ఎరిథ్రోపాయిటిన్ జన్యువును మేల్కొలుపుతుంది. దీన్ని విడమరిచినందుకు విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

కిడ్నీలో మచ్చకట్టేటప్పుడు ఈ హార్మోను కణాలే పని మానేసి మచ్చను పెంచే కణాలుగా మారిపోతాయి. మూలుగకు కబురు అందదు. పాతకణాలు చస్తాయి, కొత్తవి సరిపడా పుట్టవు. హీమోగ్లోబిన్ పదికి, తర్వాత ఏడుకు దిగుతుంది. ఐరన్ మాత్రలు మింగినా, ఆకుకూరలు ఎంత తిన్నా ఈ రక్తహీనత పూర్తిగా తీరదు, ఎందుకంటే లోటు హార్మోనులో ఉంది. మూడో మనిషి ఆయాసానికి మొదటి కారణం ఇదీ.

హాల్డేన్ తాగిన ఉప్పు

రెండో కారణం ఆమ్లం. ఊపిరి వేగాన్ని నిర్ణయించేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. మామూలు మనిషిలో ఆ పగ్గాలు బొగ్గుపులుసు వాయువు చేతిలో ఉంటాయని 1905లో జాన్ స్కాట్ హాల్డేన్ చూపించాడు. ఆ వాయువు నీటిలో కలిస్తే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. మెదడు అడుగున మజ్జాముఖంలోని కణాలు ఆ ఆమ్లాన్ని రుచి చూసి ఊపిరిని పెంచుతాయి, తగ్గిస్తాయి.

ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ దీన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. నెత్తురును ఆమ్లంగా మార్చాలి, నేరుగా ఆమ్లం తాగితే గొంతు కాలుతుంది. అందుకని 1921 నాటి ప్రయోగాల్లో అమ్మోనియం క్లోరైడు అనే ఉప్పును నీళ్ళలో కలుపుకుని తాగాడు. కాలేయం అందులోని అమ్మోనియాను యూరియాగా మార్చేస్తుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లం నెత్తురులో మిగులుతుంది. ఊపిరితిత్తులు, గుండె ఉక్కులా ఉన్న ఆ మనిషి విపరీతమైన ఆయాసంతో రొప్పాడు. కిడ్నీలు బాగున్నాయి కాబట్టి అవి ఆమ్లాన్ని మెల్లగా బయటికి తోసి ఆయనను మామూలు మనిషిని చేశాయి. ఈ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

ఉద్దానం రోగి ఏ ఉప్పూ తాగనక్కర్లేదు. ప్రతి మనిషి ఒళ్ళూ రోజుకు రెండు రకాల ఆమ్లాలు చేస్తుంది. ఒకటి బొగ్గుపులుసు వాయువు, నిమిషానికి 200 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు సుమారు 288 లీటర్లు. అది నెత్తురులో డెబ్భై శాతం బైకార్బొనేటు రూపంలో ప్రయాణించి ఊపిరితో బయటికి పోతుంది. రెండోది పప్పు, చేప, మాంసం ప్రొటీన్లు అరిగినప్పుడు మిగిలే ఆమ్లం. మొదటి దానితో పోలిస్తే ఇది రెండువందల్లో ఒక వంతు కూడా ఉండదు. కానీ ఇది ఆవిరి కాదు, ఊపిరితో పోదు. మూత్రంలోనే పోవాలి. కిడ్నీ ఆ పని చేయలేకపోతే ఆమ్లం రోజురోజుకూ మిగిలి, నెత్తురులోని బైకార్బొనేటును తినేస్తుంది.

నెత్తురు పీహెచ్ 7.4 దగ్గర నిలవాలంటే బైకార్బొనేటు, కరిగిన బొగ్గుపులుసు వాయువు 20:1 నిష్పత్తిలో ఉండాలి. మామూలుగా బైకార్బొనేటు 24, వాయువు పీడనం 40 ఉంటే ఆ నిష్పత్తి కుదురుతుంది. జబ్బుతో బైకార్బొనేటు 12కు పడిందనుకుందాం. ఊపిరి మారకపోతే నిష్పత్తి 10:1, పీహెచ్ 7.1, ప్రాణాపాయం. శరీరం ఊరుకోదు. ఊపిరిని ఒకటిన్నర రెట్లు పెంచి వాయువు పీడనాన్ని 26 దగ్గరికి దించుతుంది. నిష్పత్తి 15:1కు, పీహెచ్ 7.3 దగ్గరికి వస్తాయి. కిడ్నీ చేయలేని పనిలో సగాన్ని ఊపిరితిత్తులు నెత్తిన వేసుకున్నట్టు. కానీ కూర్చున్నా, పడుకున్నా, నిద్రలోనూ ఒకటిన్నర రెట్లు. ఆ ఊపిరి లోతుగా ఉంటుంది, ఎందుకంటే పైపై శ్వాసల్లో 150 మిల్లీలీటర్ల వృథా ఎక్కువని మొదట్లోనే చూశాం. షుగరు ముదిరి స్పృహ తప్పినవాళ్ళలో ఇలాంటి లోతైన ఊపిరిని 1874లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ వర్ణించాడు. ఇంట్లోవాళ్ళు దీన్ని చూసి ఉబ్బసం అనుకునే ప్రమాదం ఉంది. ఉబ్బసంలో గాలి బయటికి రావడం కష్టం, కూతలు వినిపిస్తాయి. ఇందులో గాలి సాఫీగా వెళ్ళి వస్తుంటుంది, మనిషే అలిసిపోతుంటాడు.

మూడో కారణం నీరు. కిడ్నీ మూత్రాన్ని తగ్గించేశాక తాగిన నీళ్ళు ఒంట్లోనే నిలుస్తాయి. ఆ ఒత్తిడికి కేశనాళికల్లోంచి నీరు కారి అర మైక్రాన్ గోడను ఉబ్బిస్తుంది, చివరికి వాయుగోణుల్లోకే చేరుతుంది. పడుకుంటే కాళ్ళలోని నీరు కూడా ఛాతీ వైపు వస్తుంది కాబట్టి రోగి లేచి కూర్చుంటాడు. ఇక్కడ మాత్రం ఆక్సీమీటరు అంకె పడిపోతుంది. ఇది ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెత్తవలసిన ఆయాసం.

రెండు పొరలు

సోంపేట, కవిటి, హరిపురం, టెక్కలి, పలాస డయాలసిస్ కేంద్రాల్లో మంచం పక్కన కనిపించే గాజు రంగు గొట్టం ఊపిరితిత్తి సూత్రం మీదే పనిచేస్తుంది. దాని లోపల సుమారు పదివేల బోలు దారాలు ఉంటాయి. ఒక్కో దారం లోపలి వెడల్పు మిల్లీమీటరులో ఐదో వంతు, అచ్చం వాయుగోణి అంత. దారం లోపల నెత్తురు, బయట శుద్ధమైన ద్రావణం. క్రోగ్ దంపతులు చెప్పిన వ్యాపనమే ఇక్కడా. యూరియా, క్రియాటినిన్ ఎక్కువ ఉన్న నెత్తురు నుంచి బయటికి పోతాయి, ద్రావణంలో దండిగా ఉన్న బైకార్బొనేటు నెత్తురులోకి వస్తుంది. పీడనం తేడాతో అదనపు నీటినీ లాగేస్తారు.

కానీ 70 చదరపు మీటర్ల ఊపిరితిత్తి పొర ఎక్కడ, ఒకటిన్నర, రెండు చదరపు మీటర్ల ఈ పొర ఎక్కడ! ఊపిరితిత్తి గోడ అర మైక్రాన్ అయితే దారం గోడ ముప్ఫై, నలభై మైక్రాన్లు. అందుకే సెకనులో పావు వంతులో అయ్యే పనికి ఇక్కడ నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున ఒక్కో విడతకు 120 లీటర్ల ద్రావణం కావాలి. అందులో నీరు అతి శుద్ధమైనది కావాలి, కరెంటు ఆగకూడదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసి, పల్లెలను రోజుల తరబడి చీకట్లో ముంచింది. డయాలసిస్ మీద బతికే మనిషికి అలాంటి తుఫాను అంటే ఊపిరికే గండం. హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకమూ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ 2023 డిసెంబరు 14న ఒకే రోజు మొదలయ్యాయి. నీరు లేనిదే డయాలసిస్ లేదు కాబట్టి ఆ రెండూ ఒకే రోజు రావడం సబబే.

డయాలసిస్ ఆమ్లాన్నీ నీటినీ దించుతుంది, మూలుగకు కబురు మాత్రం పంపలేదు. ఆ కబురు మోసే ఎరిథ్రోపాయిటిన్‌ను వేరుచేయడానికి షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ ఇరవై ఏళ్ళకు పైగా శ్రమించాడు. చివరికి జపాన్‌లో రక్తహీనత రోగుల నుంచి సేకరించిన 2,550 లీటర్ల మూత్రం నుంచి 1977లో ఎనిమిది మిల్లీగ్రాములు దక్కింది. తర్వాత జన్యువు చేజిక్కి, 1989లో ఇంజెక్షను అమెరికాలో అనుమతి పొందింది. ఇప్పుడు డయాలసిస్ రోగులకు మామూలుగా ఇచ్చేది అదే. హిఫ్ ప్రొటీన్‌ను నాశనం కానివ్వకుండా కాపాడి, కాలేయం చేత, మిగిలిన కిడ్నీ కణాల చేత హార్మోను చేయించే మాత్రలూ వచ్చాయి. మన దేశంలో తయారైన డెసిడుస్టాట్‌కు 2022లో అనుమతి దొరికింది. ఆక్సిజన్ బాగానే ఉన్నా లేదని కణాన్ని నమ్మించే మందు అది.

ఆయాసాన్ని ఎక్కడ వెతకాలి

ఇప్పుడు ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి చూడొచ్చు. కొబ్బరి దింపే మనిషికి అవసరం పెరిగింది, సరఫరా దాన్ని అందుకుంటోంది. పొగ పక్కన పనిచేసిన ఆవిడకు గాలి దారి ఇరుకయింది. ఆవిడకు పొగను ఆపే ఏర్పాటు కావాలి, పీల్చే మందు కావాలి. మూడో మనిషికి దారీ బాగుంది, గోడా బాగుంది. మోసే కణాలు తగ్గాయి, ఊడ్చిపోవలసిన ఆమ్లం మిగిలింది. రెంటికీ మూలం కిడ్నీ.

కాబట్టి ఉద్దానంలో నడిస్తే ఆయాసం అంటూ వచ్చిన మనిషికి ఊపిరితిత్తులు బాగున్నాయి, ఆక్సిజన్ 98 ఉంది అని చెప్పి పంపేస్తే చూసింది సగమే. హీమోగ్లోబిన్, క్రియాటినిన్, బైకార్బొనేటు, ఈ మూడు అంకెలు ఆక్సీమీటరు చూడనిదాన్ని చూస్తాయి. మూడూ ఒక్క సూదితో తీసిన నెత్తురుతోనే తేలతాయి. బైకార్బొనేటు తగ్గితే సోడా మాత్రలతో ఆమ్లాన్ని కొంత దించవచ్చు. హీమోగ్లోబిన్ తగ్గితే ముందు ఐరన్ లోటు చూసి, తర్వాత హార్మోను ఇవ్వవచ్చు. ఇవన్నీ డయాలసిస్ మంచం ఎక్కకముందే, కిడ్నీలో ఇంకా కొంత పని మిగిలి ఉన్నప్పుడే చేయగలిగినవి.

ఈ జబ్బుకు కారణం తేలేదాకా ఉద్దానం ప్రజల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ముందుగా పట్టుకోవడమే. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, వాపు చూపించదు. నిరుడు ఆగకుండా నడిచిన దారిలో ఈ ఏడు రెండుసార్లు ఆగవలసి వస్తే, దాన్ని వయసు మీదకో ఎండ మీదకో నెట్టకుండా నెత్తురు పరీక్షకు వెళ్ళాలి.